నీ పేరు మీది షాపు

సోమందేపల్లె,
మంగళవారం.

ప్రసూనకు, ఓబిలేష్ రాసేది.

ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, మామ, అత్త, కొత్తగా పుట్టిన మేకపిల్లలతో సహా అందరూ బాగుండాలని కోరుకుంటున్నాను. ఇదైనా సరిగ్గా రాశానో లేదో. తొమ్మిదో తరగతిలో బడి మానేసేదాకా సెలవు చీటీలు రాశానే తప్ప ఉత్తరం రాసిన అలవాటు లేదు. ఫోన్‌లో అరుస్తావు బావా, సగంలో పెట్టేస్తావు, చెప్పేదేమన్నా ఉంటే కూర్చుని రాయి అన్నావు కాబట్టి కూర్చున్నాను. నాకు కూర్చోవడమే కష్టమని నీకు తెలుసు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే లేచి రెండుసార్లు రోడ్డు దాకా పోయి వచ్చాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను.

తిండి సంగతి అడిగావు. పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని తింటాను. సాయంత్రానికి నేనే సంగటి కెలుకుతాను. ఒక్కడికి సంగటి చేయడం కుదరదు ప్రసూనా. ఎంత తక్కువ పిండి పోసినా ఒక ముద్ద మిగులుతుంది. మరుసటి రోజు దాన్ని మజ్జిగలో పిసుక్కుని తాగుతాను. నాకేమీ జబ్బు లేదు, చిక్కిపోయానని మీ ఊరివాళ్ళెవరో చెబితే నమ్మొద్దు.

వాన అడిగావు. ఇక్కడ ఒక్క పదును కూడా కాలేదు. చెనక్కాయ విత్తనం ఇళ్ళల్లో పెట్టుకుని అందరూ ఆకాశం చూస్తున్నారు. మబ్బులు మన నెత్తిమీదుగా మడకశిర వైపు పోతున్నాయి. మీ వైపైనా పడిందేమో రాయి.

కుట్టు మిషన్ పంపమన్నావు. ఆ మాట చదివి షాపు బయటికి పోయి హైవే మీద లారీలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. తర్వాత లోపలికి వచ్చి మిషన్‌కు నూనె వేశాను. బెల్టు సాగిపోయి ఉంటే కొత్తది వేశాను. సూదులు, బాబిన్లు ఒక డబ్బాలో విడిగా కట్టాను. సోమవారం పొద్దున బస్సులో వేస్తాను. వెనక సీటు పక్కన పెట్టుకుంటానని కండక్టరు ఒప్పుకున్నాడు. మామను బస్సు దగ్గరికి రమ్మని చెప్పు. ఒక్కదానివే దించుకోవద్దు, బరువు.

ఇక నోటీసు సంగతి.

షాపు నీ పేరు మీద పెట్టింది నేనే. జీఎస్టీ నంబరు ఉంటేనే మోటార్లు, పైపులు ఇస్తామని డీలరు అన్నప్పుడు నాకు పాన్ కార్డు కూడా లేదు. నువ్వు ఇంటర్ చదివావు, నీకు బ్యాంకు ఖాతా ఉంది. రేపు ఏమన్నా అయితే నా పేరే కదా బావా బయటికొచ్చేది అని అప్పుడే అడిగావు. ఏమయితాదిలే అన్నాను. ఆ తర్వాత ప్రతి నెలా బిల్లులన్నీ సర్దుకుని జ్యోతిలక్ష్మక్క నెట్ సెంటరుకు పోయి రిటర్న్ వేయించింది నువ్వే. కాలిన మోటార్లకు తీగ చుట్టడం నా పని, మిగతాదంతా నీ పని. రిటర్న్ వేసిన ప్రతిసారీ నీ ఫోన్‌కు ఓటీపీ వస్తుందని, ఆ ఆరు అంకెలు కొడితేగానీ అది పోదని నువ్వు పుట్టింటికి పోయాకే నాకు తెలిసింది.

మామ ఫోన్ చేసిన రోజు నేను కూడా భయపడ్డాను. నీ ఫోన్‌కు వచ్చిన నోటీసును ఊళ్ళో టీచరు చేత చదివించాడంట. రిటర్నులు వేయలేదు, నీ రిజిస్ట్రేషన్ ఎందుకు తీసేయకూడదో జవాబు చెప్పు అని అందులో ఉందంట. ఆయన నా మేనమామ అన్న సంగతి ఆ రోజు మర్చిపోయినట్టున్నాడు.

“నా బిడ్డ పేరు పెట్టి ఏమి మేసినావురా? రేపు పోలీసోల్లు వస్తే ఎవురు చెప్పల్ల వాల్లకు?”

“ఏమీ మేయలేదు మామా. యాపారం లేక షాపే మూసినా.”

“మూసినోడికి నోటీసెందుకొస్తాదిరా?”

మూసినోడికి నోటీసు రాదని నేను కూడా నిజంగానే అనుకున్నాను. చిన్నప్పుడు మా నాయనతో గొర్రెల సంతకు పోయేవాణ్ణి. గేటు దగ్గర సుంకం వసూలు చేసేవాడు తోలుకొచ్చిన గొర్రెలకే చీటీ రాస్తాడు. సంతకు పోని వారం ఎవడూ మా ఇంటికొచ్చి సుంకం అడగలేదు. జీఎస్టీ కూడా అంతే అనుకున్నాను. షట్టర్ దించితే లెక్క కూడా దిగిపోతుందనుకున్నాను. తెలిసి చేశావా తెలియక చేశావా అని అడిగావు కదా. ఇది మాత్రం తెలియకే.

మామ ఫోన్ పెట్టగానే జ్యోతిలక్ష్మక్క దగ్గరికి పరుగెత్తాను. నన్ను చూసి ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

“ఏమప్పా ఓబిలేషా, ప్రసూన ఉన్నెప్పుడు ఒక్క నెల తప్పలేదు. నువ్వేమి, దేశాలు తిరిగొచ్చినావా?”

నేను సంత సంగతి చెప్పాను. జిరాక్సు తీయించుకునే కాలేజీ పిల్లలు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. నవ్వి నవ్వి, తర్వాత మామూలుగా చెప్పింది.

“ఇది సంత కాదప్పా. యాపారం లేకపోతే లేదని నెల నెలా చెప్పల్ల. నిల్ రిటర్న్ అంటారు దాన్ని. గమ్మునుంటే లేదని కాదు, దాస్తాండావని అనుకుంటారు.”

మూసిన నెలలన్నీ వరుసగా వేయాలన్నది. ముందు నెలది పోతేగానీ తర్వాతి నెలది తీసుకోదంట. ఒక్కోదానికి ఒక్కో ఓటీపీ. ఆలస్యానికి ఫైను ఉంది, అది కట్టేశాను, దాని గురించి నువ్వు ఆలోచించొద్దు. ఆ పాపకు ఫోన్ చెయ్, పది నిమిషాలు దాటితే ఆ అంకెలు పనిచేయవు అని అక్క తొందరపెట్టింది.

ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో సిగ్నల్ లేదని నువ్వు వెనకనున్న రాతిగుండు ఎక్కావు. నీ ఆయాసం, గాలి, ఎక్కడో మేకల గంటలు వినిపించాయి. నువ్వు అంకెలు చదువుతున్నావు, నేను అక్కకు చెబుతున్నాను, ఆమె కొడుతోంది. ఒక నెల పోయింది. ఇంకో నెల. మన ఇద్దరికీ అంకెలు తప్ప మాటల్లేవు. మధ్యలో స్క్రీన్ మీద చక్రం ఒకటి తిరుగుతూ ఉండిపోయింది. ఫోన్ నువ్వూ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. నువ్వు పోయిన తర్వాత మనం పోట్లాడకుండా ఒక్కచోట ఉన్నట్టుగా ఉన్నది అప్పుడే.

“తిన్న్యావా?” అని అడిగావు.

“తిన్న్యా,” అన్నాను. తినలేదు.

ఆ చక్రం నిజానికి ఎప్పుడో ఆగిపోయింది, ప్రసూనా. తర్వాతి పేజీ వచ్చేసింది. జ్యోతిలక్ష్మక్క కీబోర్డు మీద చేయి పెట్టకుండా గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. ఎందుకక్కా ఆపినావు అని తర్వాత అడిగితే, సర్వర్ స్లో ఉండాదప్పా, నీకు కనపడలేదా అని నన్నే కసిరింది.

అందుకే పోస్టుమ్యాన్ నీ ఉత్తరం ఇచ్చినప్పుడు, వస్తున్నానని రాశావేమో అనుకున్నాను. విప్పితే మిషన్ పంపు, షాపు మీద నా పేరు తీసెయ్ అని ఉంది. కింద ఇంకో మాట. బోర్లలో నీళ్ళు దిగిపోతే మోటార్లు ఎక్కువ కాలుతాయి, ఎండ ముదిరితేనే మనకు సీజను, ఆ షాపులో కూర్చున్న నాకు తెలియదా, వ్యాపారం లేక మూశానని మా నాయనకు చెప్పిన మాట నాకు చెప్పొద్దు అని రాశావు.

ఆ ఒక్క మాటకు జవాబు రాయలేకే ఇన్ని రోజులు పట్టింది. ఇంతసేపూ సంగటి, వాన, సుంకం అని రాసింది కూడా అందుకే.

వ్యాపారం లేక కాదు. మోటార్లు వచ్చాయి. నేనే తీసుకోలేదు. లెక్కలో దాచింది ఒక్క రూపాయి లేదు, నిల్ అని వేసింది నిజమే. పని లేకపోవడం మాత్రం అబద్ధం. గొర్రెలు మేపే ఈరప్ప తాత ఉన్నాడు కదా, ఆయన కాలిపోయిన మోటారు బండి మీద తెచ్చి, మూసిన షట్టర్ ముందు గోనెపట్ట కప్పి పెట్టి పోయాడు. రోజూ దాని పక్కనుంచే నేను బండి మీద పోయి వచ్చాను. ఒకరోజు ఆయన నన్ను రోడ్డు మీద నిలబెట్టాడు.

“కాలింది నా మోటరప్పా. నువ్వెందుకు కాలినట్ల తిరుగుతాండావు?”

నవ్వి తప్పించుకున్నాను.

షట్టర్ ఎత్తితే ఎదురుగా నీ కుర్చీ. వచ్చిన ప్రతి రైతూ నన్ను దాటి లోపలికి తొంగిచూస్తాడు. పాప లేదా అంటాడు. ఊరికి పోయింది అంటాను. ఎప్పుడొస్తుంది అంటాడు. మొదట్లో ఏదో ఒక రోజు చెప్పేవాణ్ణి. ఆ రోజు వచ్చాక ఇంకో రోజు చెప్పేవాణ్ణి. తర్వాత చెప్పడానికి రోజులు దొరకలేదు. అందుకని షట్టరే ఎత్తడం మానేశాను.

నేను జేసీబీ నేర్చుకోవడానికి బెంగళూరు పోయానని మామ ఊళ్ళో అందరికీ చెప్పాడంట. పోలేదు. పొద్దున బండి తీసి మడకశిర పోయేవాణ్ణి. బస్టాండులో ఒక టీ అంగడి ఉంది. ఆయన కన్నడంలో మాట్లాడతాడు, నేను తెలుగులో చెబుతాను, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. అక్కడ కూర్చుంటే మీ ఊరి బస్సు వచ్చేదీ పోయేదీ కనిపిస్తుంది. అది పోయేదాకా కూర్చుని తిరిగి వచ్చేవాణ్ణి. ఒకసారి మామ అదే బస్సు దిగాడు, చేతిలో మందుల చీటీ ఉంది. నేను సోడా కేసుల వెనక్కి పోయి నిలబడ్డాను. సొంత మేనమామను చూసి దాక్కున్నాను. ఆ మందులు ఎవరికో కూడా అడగలేకపోయాను. అత్తకా? నీకా? ఇది మాత్రం తప్పకుండా రాయి.

ఆ బస్సు ఎక్కితే గంటలో మీ గడప దగ్గర ఉంటాను. ఎక్కలేకపోయాను. నువ్వు పోయేటప్పుడు అన్న మాట నాకు అడ్డమొచ్చేది. నన్ను షాపులో కూర్చోబెట్టి నువ్వు తిరిగినావు, ఇప్పుడు నేను పోతా, నువ్వు కూర్చో అన్నావు. నేను కూర్చోలేదు. నువ్వు పోయాక కూడా తిరుగుతూనే ఉన్నాను. ఇక ఏ మొహం పెట్టుకుని మీ గడపలోకి వచ్చేది?

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజు షట్టర్ ఎత్తాను. ఈరప్ప తాత మోటారు ముందు పెట్టుకున్నాను. పాత తీగంతా పెరికి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఎండబెట్టి ఇచ్చాను. పాప యాడికి పోయిందని ఆయన ఎప్పటిలాగే అడిగాడు. నా మీద కోపమొచ్చి పుట్టింటికి పోయింది తాతా అని చెప్పాను. మొదటిసారి చెప్పాను ఆ మాట. ఆయన ఊరకే తల ఊపి, మోటారు బండి మీదికెత్తుకుని పోయాడు. ఆకాశమేమీ ఊడిపడలేదు. ఆ రోజు నుంచి రోజూ తెరుస్తున్నాను. మధ్యాహ్నం కాళ్ళు లాగుతాయి, బండి తాళం చేతిలోకి వస్తుంది. మళ్ళీ డ్రాయరులో వేస్తాను.

నీ పేరు తీసే పని కూడా మొదలుపెట్టాను. ఉన్న నంబరు మీద పేరు మార్చడం కుదరదంట. నీది రద్దు చేయించి, నా పేరు మీద కొత్తది తీసుకోవాలి. పాన్ కార్డు తెప్పించుకున్నాను. జ్యోతిలక్ష్మక్క రద్దు అర్జీ అంతా నింపి, చివర్లో ఆగింది.

“మన చేత్తో రద్దు చేసినాక అది మల్ల యాడొస్తాదప్పా. ఆ పాపనొకసారి అడిగి చూడరాదా?”

“అడిగింది ఆ పాపేనక్కా,” అన్నాను.

ఆమె నీ ఓటీపీ కోసం అర్జీని అట్లాగే పెట్టి ఉంచింది.

సోమవారం సాయంత్రం ఫోన్ చేస్తాను. మిషన్ చేరిందో లేదో కూడా అప్పుడే చెప్పు. ఆ రోజు ఒక ఓటీపీ కావాలి. జీఎస్టీ ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నాక ఆఖరి రిటర్న్ అని ఇంకొకటి వేయాలంట, దానికి ఒకటి. ఆ రెండూ అయిపోతే నీ పేరు మీద ఏ నోటీసూ రాదు. మామకు ధైర్యంగా చెప్పు. ఆ అంకెలు ఇవ్వడానికి నువ్వు నాకు ఏ మాటా ఇవ్వక్కర్లేదు, నేనూ ఏమీ అడగను.

ఆ తర్వాత ఓటీపీలన్నీ నా ఫోన్‌కే వస్తాయి. నీకు ఫోన్ చేయడానికి నాకు పనంటూ ఏమీ ఉండదు. అయినా చేస్తాను, ప్రసూనా. అరవను. ఏమి మాట్లాడాలో ఇంకా తెలియదు. నువ్వు ఎత్తితే ఎత్తు, లేకపోతే లేదు. ఎత్తకపోయినా మరుసటి రోజు పొద్దున షాపు తెరుస్తాను. ఇదొక్కటి నమ్ము.

మామకు, అత్తకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేనత్త కొడుకు
ఓబిలేష్