రిపోర్టు చింపెయ్యమన్న మామయ్యకి

మామయ్యకి,

తమరి ఉత్తరం అందింది. రక్తపరీక్ష రిపోర్టు చింపెయ్యమన్నారు. నలుగురికీ తెలిస్తే మీ పరువు పోతుందట.

తమ్ముడిది స్కిజోఫ్రీనియా అని తేలిన రోజు మా ఇంట్లో కాలు మీద కాలేసుకుని, "ఇది మీ నాన్న వంశపు రోగం. మావన్నీ గట్టి బుర్రలు" అన్నారు. నాన్న వెళ్లి కుట్టుమిషన్ ముందు కూర్చున్నారు. తనే వాడికి విషం పెట్టినట్టు, తను కన్నుమూసేదాకా వాడి కళ్లలోకి చూడలేదు.

మీ గట్టి బుర్రని రుజువు చెయ్యడానికే కదా, తమ్ముడికీ అమ్మకీ జన్యుపరీక్ష చేస్తుంటే, ఎవరూ అడక్కుండానే చొక్కా చెయ్యి మడిచి రక్తమిచ్చారు! తమ్ముడి జన్యువుల్లో ఏ ముక్క లోపించిందో, అమ్మలోనూ మీలోనూ అదే లోపించింది.

హడలిపోకండి. దానివల్ల జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందే కానీ, అందరికీ రాదన్నారు డాక్టరుగారు. ఈపాటి ధైర్యం నాన్నకి చెప్పడానికి మీకు నోరు రాలేదు.

మీ ఉత్తరం తమ్ముడికి చదివి వినిపించాను. "పాపం, మామయ్య భయపడుతున్నాడక్కా. రమ్మను, కొన్నాళ్లు నా దగ్గర ఉంటాడు" అన్నాడు.

ఆ మంచి మనసు వాడికి నాన్న నుంచి వచ్చింది. నేను మాత్రం మీ మేనకోడల్ని. రావద్దు.