పెద్దమనిషి అనే మాట

12 జూన్ 2008, గురువారం. ఉప్పల్.

పొద్దున్నుంచి ముసురు. నాచారంలో మొదటి షిఫ్టు చేసి మూడింటికి ఇల్లు చేరాను. చెంగిచెర్ల నుంచి అక్క వచ్చి కూర్చుంది, మా బిడ్డ స్వప్నను తన కొడుక్కు చేసుకుంటానని.

స్వప్నకు పుట్టుకతోనే గర్భసంచి లేదని డాక్టరమ్మ చెప్పి నెలయింది. నెలసరి రాదు, కడుపు పండదు, తక్కినవన్నీ అందరు ఆడపిల్లల్లాగే ఉన్నాయంది. పదహారు నిండినా పిల్ల పెద్దమనిషి కాలేదని చుట్టాలు గుసగుసలాడితే, మూడేళ్ల కింద మేమే అబద్ధపు ఫంక్షన్ చేశాం. ఆలస్యమైనా నెలసరి వస్తుందిలే అనుకున్నాం.

అక్కకు నేను చెప్పలేకపోయాను. స్వప్నే చెప్పింది.

"ఊరంతటికి బగారన్నం పెట్టి, నాతోని హారతి పట్టించి, గిట్ల జేస్తవారా తమ్మీ? పిల్ల పెద్దమనిషే కాలేదాయె!" అంది అక్క.

"పంతొమ్మిదేండ్లొచ్చినయ్ అత్తా. మనిషి పెద్దగయ్యేది గదొక్కదానితోనేనా?" అంది స్వప్న.

ఇద్దరూ నావైపే చూశారు. డాక్టరమ్మ చెప్పినదంతా గుర్తుంది. కానీ పెద్దమనిషి అనే మాట కాకుండా పిల్లను ఇంకేమనాలో నాకూ తెలియదు.

సంబంధం మాట మళ్లీ ఎత్తకుండానే అక్క ఆరింటికి వెళ్లిపోయింది. బస్సెక్కించడానికి స్వప్న వెళ్లింది. నేను వెళ్లలేదు.