కొండకు అవతలి వాన

జూలై 12, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నువ్వూ క్షేమమేనన్న మాట నీ నోట వినాలని మనసు కొట్టుకుంటోంది. ఫోన్ చేస్తే పిండి చేతులంటావు, పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం నీ రొట్టెల వ్యాను డ్రైవరుతో పంపుతున్నాను.

నీ ఇంటికీ బేకరీకీ వెనక పారే వాగు చిన్నదే, కాదనను. ఎండాకాలం చెప్పులు తడవకుండా దాటొచ్చు. కానీ వాగంటే కంటికి కనిపించే నీళ్ళొక్కటే కాదురా. ఏ వాలు మీద పడ్డ చినుకు దానిలోకి జారుతుందో ఆ నేలంతా వాగుదే. కొండ నెత్తే దాని సరిహద్దు. ఇటు కురిసింది నీకు, అటు కురిసింది పక్క లోయకు. మా సర్వే ఆఫీసు మ్యాపులో ఇన్నాళ్ళూ అలాగే ఉంది.

మొన్న కొలతలకని పైకి వెళ్ళాను. కొత్త రోడ్డు కోసం ఆ కొండ నెత్తిని కోసేశారు. అవతలి వాలు నీళ్ళన్నీ రోడ్డు పక్క కాలువలో పడి, తూములోంచి మన వైపు దిగుతున్నాయి. అంటే నీ వాగు ఇక రెండు వాలుల వాన మోయాలి. గట్లు మాత్రం పాతవే. మా పై అధికారికి చెబితే వానలు తగ్గాక చూద్దామన్నాడు.

నువ్వేమో నెత్తిమీద మబ్బే లేదంటావు. నీకు ఎండ కాస్తూనే ఉంటుంది, వాన కొండ అవతల కురుస్తుంది. గుమ్మంలోకి నీళ్ళొచ్చాకే నీకు తెలుస్తుంది.

ఇటుక పొయ్యి ఆరితే మళ్ళీ కాగడానికి వారం పడుతుందని దాని పక్కనే పడుకుంటున్నావట. పొయ్యికి నువ్వు కాపలా, మరి నీకెవరు కాపలా? నాన్న కట్టిన పొయ్యే, ఒప్పుకుంటాను. ఆయనే ఉంటే నీ చెవి పట్టుకుని బయటికి లాగేవాడు. ఆర్పేసి, అదే వ్యానెక్కి వచ్చెయ్. వానాకాలం వెళ్ళేదాకా మీ బావ గురక భరించాలి, అంతే. నాకు చాలా భయంగా ఉందిరా.

నీ రాక కోసం చూస్తూ,
అక్క

తా.క.: మరదలు పుట్టింటికని చెప్పి బయల్దేరింది కదా, అక్కడికి వెళ్ళలేదు. నీతో వాదించలేక పాపను తీసుకుని మా ఇంటికొచ్చింది. నీకు చెప్పొద్దంది. నిన్న పాప నేను గీస్తున్న కొత్త మ్యాపు చూసి, మా ఇల్లెక్కడ అత్తా అని అడిగింది. ఎలా చూపించను? మునిగే చోటంతా నీలం రంగు వేసింది నేనే.