గాందరా వారి గుమ్మం మీది జంతువు

రియోసెకో
ఆగస్టు మొదటివారం

ట్రాస్మియెరా రాతిమేస్త్రీ ఎమెతెరియో సొలానాకి గాందరా వారి కసిల్దా ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మా అక్క ఒబ్దూలియా మోకాళ్ళు తప్ప.

మా మేనకోడలు బెనితాకి పెళ్ళి కుదిరింది. సెప్టెంబరు చివర శాన్ మిగెల్ పండగనాడు చెయ్యాలి. తల్లీతండ్రీ లేని పిల్ల, నా చేతుల్లో పెరిగింది. పెళ్ళికొడుకు ఎదురింటి కోస్ వారి ఫెర్మీన్. కుర్రాడు బంగారం. వాళ్ళ నాన్న దోన్ లెస్మెస్ మాత్రం తన వంశం గురించి మొదలుపెట్టాడంటే ఎదుటివాళ్ళ పళ్ళెంలో పులుసు చల్లారాల్సిందే. కొత్త దంపతుల గుమ్మం మీద రెండు వంశాల గుర్తులున్న డాళ్ళూ ఒకే రాతిలో ఉండాలట. చూసేవాడికి ఎడమ సగంలో వాళ్ళది, కుడి సగంలో మాది. అది లేకపోతే పెళ్ళి లేదని ముఖం మీదే చెప్పాడు.

వాళ్ళ డాలు మీద ఈటె పట్టిన వేటగాడు ఉన్నాడు. మా డాలు మీద నాలుగుకాళ్ళ జంతువు ఉంది. వానలకి కాస్త అరిగినా వీధిలోంచి బాగానే కనిపిస్తుంది. గుమ్మం ఎత్తు కనక పైకెక్కి చూసినవాళ్ళు లేరు. చూసి గీసిన బొమ్మ ఇందులో పెడుతున్నాను, ఉన్నదున్నట్టు చెక్కు.

ఇట్లు,
కసిల్దా గాందరా

తా.క. బొమ్మలు మూడున్నాయి. నేనొకటి, అక్కొకటి, మా తమ్ముడు పాద్రీ దోన్ సెలెదోనియో ఒకటి గీశాం. మూడూ ఒకటే, కంగారుపడకు.


ట్రాస్మియెరా

దోన్యా కసిల్దాగారికి ఎమెతెరియో నమస్కరించి చేసుకునే మనవి. తమ ఉత్తరం చేరింది.

మూడు బొమ్మలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. తిరగేసి కూడా చూశాను. మీరు గీసింది తోడేలు. అక్కగారు గీసింది వేటకుక్క. పాద్రీగారు గీసింది, వారు నన్ను క్షమించాలి, పంది. అమ్మా, తమకి మూడిళ్ళున్నాయా? ఉంటే పెళ్ళికూతురు ఏ ఇంటి పిల్లో తెలియజేయండి.

గనినుంచి రాయి వచ్చింది. కొత్త రాయి తడి ఆరేలోపు చెప్పినట్టు వింటుంది. ఆరిందంటే నా ఉలికే పళ్ళు రాలగొడుతుంది. అందుకని జంతువు సంగతి త్వరగా తేల్చండి.

విధేయుడు,
ఎమెతెరియో

తా.క. మా నాన్నకి తొంభై దాటాయి. ఎవరి పనిరా అని అడిగితే రియోసెకో గాందరా వారిదన్నాను. అంతే, నవ్వు మొదలుపెట్టాడు. పొలమారేదాకా నవ్వాడు. ఎందుకో చెప్పడం లేదు. తమకేమైనా తెలుసా?


రియోసెకో

మేస్త్రీ ఎమెతెరియోకి,

మాకు ఇల్లొకటే, గుమ్మమొకటే, జంతువొకటే. అది తోడేలు. మా ముత్తాతగారు మంచులో దారితప్పి, ఎదురొచ్చిన తోడేలు మెడ పట్టుకుని పొద్దుపొడిచేదాకా వదల్లేదు. ఈ కథ వింటూ పెరిగాను నేను. మా అక్క ఆ కథే చెబుతుంది కానీ, తోడేలు మెడ పట్టుకున్నది ఆయన కుక్క అంటుంది. తమ్ముడి కథలో మంచే లేదు. చలికాలమంతా ఊరు ఊరంతా పంది దయవల్ల బతుకుతుంటే దానికి డాలు మీద చోటిస్తే తప్పేమిటంటాడు. వాడి మాట పట్టించుకోకు. చిన్నప్పటినుంచీ వాడి దృష్టి వంటింటి మీదే.

మాది తోడేలని దోన్ లెస్మెస్‌కి కబురు చేశాను. మనిషి పొంగిపోయాడు. "తోడేలైతే మరీ మంచిదమ్మా" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంత మర్యాద ఆయనలో ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు.

మీ నాన్నగారి నవ్వు సంగతి నాకేం తెలుస్తుంది? వయసుమీరితే కొందరికి ఏడుపు, కొందరికి నవ్వు.

కసిల్దా

తా.క. నాయనా, నేను ఒబ్దూలియాని. చెల్లి జిగురుకోసం వెళ్ళింది. అది కుక్కే. చెవులు చూసుకో.


ట్రాస్మియెరా

దోన్యా కసిల్దాగారి సన్నిధికి,

చెప్పడానికి నోరు రావడం లేదుగానీ చెప్పకపోతే రేపు నన్నే తిడతారు. రెండు డాళ్ళు కలిపి చెక్కేటప్పుడు మాకొక ఆచారం ఉంది. మర్యాదకోసం మగపెళ్ళివారి బొమ్మని ఆడపెళ్ళివారి సగం వైపు తిప్పుతాం. మొగుడు పెళ్ళానికి వీపు చూపించకూడదని. ఇప్పుడు కోస్ వారి వేటగాడిని తిప్పితే ఈటె తిన్నగా మీ తోడేలు గొంతులోకి వస్తుంది. ఆ గుమ్మం ఉన్నంతకాలం పొడుస్తూనే ఉంటాడు. దోన్ లెస్మెస్‌గారు తమ చేతులు పట్టుకున్నది అందుకేనేమో, ఆలోచించండి.

ఎవరి మనసూ నొప్పించకూడదని తోడేలుకి కుక్క చెవులూ పంది పొట్టా పెట్టి బొగ్గుతో గీసి చూశాను. మా ఆవిడ చూసి, ఎవరింటి దూడకి జబ్బుచేసిందని అడిగింది. తుడిచేశాను. రాయి ఆరిపోతోంది.

విధేయుడు,
ఎమెతెరియో

తా.క. నాన్న పొద్దున్న లేవగానే "వాళ్ళు తేల్చారా?" అని అడుగుతున్నాడు. లేదంటే ఆ పూటకి ఆయనకి ఆరోగ్యం బాగుంటోంది.


రియోసెకో

ఎమెతెరియో,

ఉత్తరం చదివాను. నా బెనితా రోజూ ఆ ఈటె కిందనుంచి నీళ్ళబిందెతో లోపలికి వెళ్ళాలా? తోడేలు వద్దు.

అక్క చెప్పినట్టు కుక్కని పెడదామంటే వేటగాడి పక్కన కుక్క అంటే పనిమనిషి లెక్క. పందిని పెడదామంటే వేటగాడి పక్కన పంది అంటే భోజనం లెక్క. భోజనాల దగ్గర ఈ మాట నడుస్తుంటే పాద్రీ తమ్ముడు "అయితే ఏమైంది?" అన్నాడు. వాడి పళ్ళెం తీయించేశాను. ఏ జంతువుని తలుచుకున్నా ఆ ఈటె ఎదురొస్తోంది. అసలు మా డాలు మీదున్నదేమిటో నాకే తెలియకుండా పోయింది. అరవై ఏళ్ళుగా ఆ గుమ్మంలో వస్తూపోతూ ఉన్నాను, ఇప్పుడు తలెత్తాలంటే భయంగా ఉంది.

బెనితా ఒక మాటంది: "అత్తా, నిచ్చెన వేసి కడిగితే తెలిసిపోతుంది కదా." మూడు తరాలలో ఎవరికీ తట్టని మాట. రేపు ఎక్కుతుంది. నువ్వు ఉలి కింద పెట్టు.

కసిల్దా

తా.క. ఉత్తరం టపాకి ఇవ్వకుండా ఆపాను. బెనితా ఎక్కింది. కింద ఫెర్మీన్ నిచ్చెన పట్టుకున్నాడు. బూడిదనీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దుతుంటే ముందు తోక పోయింది. తర్వాత కాళ్ళు. చివరికి తల. అంతా నాచేనయ్యా, ఎమెతెరియో. అడుగున నున్నటి రాయి తప్ప ఉలి గీత ఒక్కటి లేదు. మాకు వంశమే లేదా? ఇది తెలిస్తే దోన్ లెస్మెస్ పెళ్ళి తప్పిస్తాడు, పిల్ల నోరు తెరిచి ఏమీ అనదు, ఆ అనకపోవడాన్నే నేను చూడలేను. ఏం చెయ్యాలో రాయి.


ట్రాస్మియెరా

దోన్యా కసిల్దాగారికి,

తమ తాజాకలం నాన్నకి చదివి వినిపించాను. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, చివరికి సంగతి చెప్పాడు.

ఆ రాయి తమ గుమ్మానికి ఎత్తింది మా వాళ్ళే, ఆయన తాతగారి కాలంలో. తమ వంశానికి ఏ లోటూ లేదు. డాలు పెట్టుకునే హక్కు నిక్షేపంగా ఉంది. కానీ అప్పుడు గాందరా వారు ముగ్గురు అన్నదమ్ములు. ఒకరు తోడేలన్నారు, ఒకరు కుక్కన్నారు, ఒకరు పందన్నారు. ముందు రాయి నిలబెట్టు, ఈలోపు తేలుస్తామన్నారట. తాతగారు మీ వాకిట్లో కూర్చుని రోజూ మీ ఇంటి చిక్కుళ్ళ పులుసు తింటూ కనిపెట్టుకుని ఉన్నాడు. పులుసు బాగుండేదట, తగువు మాత్రం తేలలేదు. విసుగెత్తి ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని వచ్చేశాడు. ఆ తరంలో మా కొట్టంలో ఏ పని తెమలకపోయినా దాన్ని గాందరా వారి జంతువు అనేవారట. నేను పనిలోకి వచ్చేసరికి ఆ మాట పోయింది.

మిగిలింది నాచు చెక్కింది. ఎవరికి కావలసిన జంతువుని వారికి చూపించింది. మేస్త్రీగా నాకు కాస్త అసూయగానే ఉంది.

దోన్ లెస్మెస్‌గారికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదమ్మా. రాయి ఇంకా కొంచెం తడిగానే ఉంది.

విధేయుడు,
ఎమెతెరియో

తా.క. పులుసులో ఇప్పటికీ క్యాబేజీ వేస్తారా అని నాన్న అడుగుతున్నాడు.


రియోసెకో

మేస్త్రీ ఎమెతెరియోకి కసిల్దా ఆశీస్సులు.

నువ్వు చెప్పడానికేం మిగల్లేదు. ఆదివారం పూజ ముగించుకుని దోన్ లెస్మెస్ ఇటే వచ్చాడు. బెనితా గుమ్మం దూలం కడుగుతూ నిచ్చెన మీదే ఉంది. దిగవే అని నేను కళ్ళతో చెబుతున్నాను, అది చూస్తేనా. ఆయన తలెత్తి రాతిని చాలాసేపు చూసి, మీ జంతువేదమ్మా అని అడిగాడు.

పిల్ల తడబడలేదు. "మామయ్యగారూ, అదంతా నాచేనండీ. ఒక్కసారి రుద్దితే పోయింది. మీ వేటగాణ్ణి కూడా ఎప్పుడూ కడిగినట్టు లేరు. ఎలాగూ బూడిదనీళ్ళు మిగిలాయి, వచ్చి కడిగిపెట్టనా?" అంది.

ఆయన వెనక్కి తిరిగి వీధికి అటువైపున్న తన డాలు చూసుకున్నాడు. మళ్ళీ బ్రష్షు వంక చూశాడు. నున్నగా గీసుకున్న గడ్డం నిమురుకున్నాడు. "వద్దు తల్లీ, పండగ ముందు చలిలో వాడికి తడి పడదు" అని, లోపలికొచ్చి అడక్కుండానే కూర్చుని, పెళ్ళికి ఎంతమందిని పిలుద్దామని అడిగాడు. వెళ్ళేటప్పుడు చిన్న షరతు పెట్టాడు. కోడలు అత్తవారింటికి ఏం తెచ్చుకున్నా ఫరవాలేదట, ఆ బ్రష్షు మాత్రం తేకూడదట. ఆయన వెళ్ళాక నేను నవ్వానో ఏడ్చానో తెలియదు, కొంగు మాత్రం తడిసింది.

ఇక మా సగంలో నిచ్చెన చెక్కు. అది బెనితా కోరిక. ఆచారం ప్రకారం వేటగాణ్ణి మా వైపే తిప్పు. ఈటె భుజాన వేసుకోనీ, ఖాళీ చెయ్యి నిచ్చెన మీద వెయ్యి, ఫెర్మీన్ పట్టుకున్నట్టు. దోన్ లెస్మెస్ ఒప్పుకున్నాడు. ఈమధ్య ఆయన అన్నిటికీ ఒప్పుకుంటున్నాడు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరినీ అడగలేదు, నువ్వూ అడక్కు. పెళ్ళికి మీ నాన్నగారిని బండిలో తీసుకురా. పులుసులో క్యాబేజీ వేస్తాం.

ఇట్లు,
కసిల్దా గాందరా

తా.క. నాయనా, నేను ఒబ్దూలియాని. నిచ్చెన కింద చోటుంటుంది కదా, అక్కడ చిన్న కుక్కని కూర్చోబెట్టు.

తా.క. తా.క. కుక్క పక్కన ఇంకాస్త చోటుంటే సంగతి నీకు తెలుసు. సెలెదోనియో, పాద్రీ.