జామీనుతో వచ్చిన సాక్షి

బాపట్ల,
ఆదివారం.

అమ్మా,

నీ కూతురు సునీల నమస్కరించి రాస్తున్నది. ఊళ్ళో తాతయ్య, బెన్నీ మామయ్య, ఇక్కడ నేను అందరం బాగున్నాం. ఒంట్లో బాగున్నామని మాత్రమే అర్థం చేసుకో, మిగతాది కింద రాస్తాను. కువైట్‌లో ఎండలు తగ్గాయనీ, నీ మడమ నొప్పి కూడా వాటితోపాటే తగ్గిందనీ అనుకుంటున్నాను.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు చేసేది నేను ఊరెళ్ళినప్పుడే, ఫోన్ మోగితే తాతయ్య పక్కకొచ్చి కూర్చుని స్పీకర్ పెట్టమంటాడు. ఆయన వింటుండగా ఈ సంగతులు నా నోట రావు. నీతో పనిచేసే లక్ష్మీదుర్గ పిన్ని సెలవు అయిపోయి ఈ వారమే తిరిగి అక్కడికి వస్తోంది. ఉత్తరం ఆమె చేతికిస్తాను. అక్కడ నీకు చదివిపెట్టేది ఎలాగూ ఆమే కదా.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. తాతయ్య కంట్లో చుక్కలు వేసుకుంటున్నాడు, కానీ నేను ఫోన్లో గుర్తు చేస్తేనే. వంటింటి మీద పగిలిన రేకు మామయ్య మార్చాడు. నేను మధ్యాహ్నం అన్నమే తింటున్నాను, బిస్కెట్లతో సరిపెట్టడం లేదు. ఇక నువ్వు ప్రతిసారీ చివర్లో అడిగే ప్రశ్న: "ఆఫీసులో మన ఊరి పేరు ఎవరికీ తెలియలేదు కదా?" దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఓపిగ్గా విను.

ఢిల్లీ నుంచి ఎంపీల కమిటీ ఒకటి బాపట్ల వచ్చింది. మనలాంటి జాతుల మీద తెల్లవాళ్ళు వేసిన దొంగజాతి అన్న ముద్రను చట్టంలోంచి తీసేసి డెబ్బై ఏళ్ళు దాటింది. జనం నోళ్ళలోంచి అది ఇంకా పోలేదు కాబట్టి, దేశమంతటికీ ఒకే విధానం పెడదామా అని ఊరూరా తిరిగి సాక్ష్యాలు వింటున్నారు. ఏర్పాట్లు మా ఆఫీసుకు అప్పగించారు. మా సూపరింటెండెంట్ పాండురంగారావు గారు నన్ను పిలిచి, "అమ్మాయ్, నీ ఇంగ్లీషు బాగుంటుంది. మెంబర్లు అడిగింది తెలుగులో చెప్పు, సాక్షులు చెప్పింది ఇంగ్లీషులో చెప్పు. ముసలాళ్ళు సోది మొదలెడితే మధ్యలో కత్తిరించెయ్" అన్నారు. నాకు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు. మన సంగతి వినడానికి అంత దూరం నుంచి వస్తున్నారు, మధ్యలో నేనుంటాను అనుకున్నాను.

సముద్రం ఒడ్డున రిసార్టులో ఏసీ హాలు. పదింటికి మొదలవ్వాల్సిన విచారణకు మెంబర్లు తీరిగ్గా బీచి నుంచి వచ్చారు. ఒకాయన ఏరుకొచ్చిన గవ్వలు బల్ల మీద పోసుకుని కడుగుతూ కూర్చున్నాడు, నీళ్ళ సీసాతో. ఆఫీసర్లు తెర మీద బొమ్మలు చూపిస్తుంటే చైర్మన్ గారు పిస్తా పప్పులు ఒలుచుకుంటున్నారు. భోజనాలకు ముందు కాస్త సమయం మిగిలింది. దాన్ని సాక్షులకు ఇచ్చారు.

మొదటి సాక్షి తాతయ్య.

నాకు తెలియదమ్మా. నేనిక్కడ గదిలో ఉన్నాను, కబురు నేరుగా ఊరికి వెళ్ళింది. ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో బట్టల కొట్టు సంచితో లోపలికొచ్చాడు. వెనక బెన్నీ మామయ్య. తాతయ్య నన్ను చూశాడు. ముక్కూమొహం తెలియనట్టు చేతులు జోడించి, "నమస్కారమండి మేడమ్ గారూ" అన్నాడు. నీ మాట ఆయన అంత గట్టిగా పట్టుకున్నాడు. నన్ను తెనాలి హాస్టల్లో చేర్పించేటప్పుడు నువ్వన్నావు: "ఎవరడిగినా తెనాలి అను. స్టూవర్టుపురం అన్నావంటే నీ మార్కులు ఎవరూ చూడరు, చేతులు చూస్తారు." ఆ మాట నేను ఎంత పాటించానో, నన్నెత్తుకుని పెంచినవాడు కూడా అంతే పాటించాడు.

చైర్మన్ అడిగారు, వెంట వచ్చిందెవరని.

"జామీనండి" అన్నాడు తాతయ్య. "మా అబ్బాయే. సాయంత్రం నన్నొదిలేటప్పుడు సంతకం పెట్టటానికి ఎవరో ఒకరు ఉండాలి గదండి. ఒకేళ ఇయ్యాల పంపకపోతే అని రెండు జతల బట్టలు, కంటి మందు కూడా తెచ్చుకున్నా."

ఆఫీసు పిలిచిందంటే జామీను లేకుండా వెళ్ళకూడదని ఆయనకు చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పాడట. పార్లమెంటు వాళ్ళు సాక్ష్యానికి పిలిచినా ఆయనకు అదే తెలుసు. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. హాలంతా నవ్వింది. మన పాండురంగారావు గారు నోటికి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

గవ్వలాయన ముందుకు వంగాడు. మూసిన ఇంట్లోకి ఆ రోజుల్లో ఎలా దిగేవాళ్ళో అడగమన్నాడు. కేసేమీ పెట్టం, ఊరికే తెలుసుకోవడానికే అని కూడా చెప్పమన్నాడు. అమ్మా, ఆ ప్రశ్న నా నోటితో నేను తాతయ్యను అడిగాను.

"నేను పొగాకు బేళ్ళు మోసినోణ్ణండి మేడమ్ గారూ" అన్నాడు తాతయ్య నిదానంగా. "గోడౌను తాళం వాళ్ళే తీసేవోళ్ళు, వాళ్ళే ఏసేవోళ్ళు. మనకా విద్య రాదండి. నేనొచ్చింది ఒక్క మాటకి. ఎక్కడ ఏం పోయినా ముందు మా కుర్రాళ్ళ పేర్లే అడుగుతున్నారు. చదువుకున్నోడైనా అంతే. అదొక్కటి ఆపించండి."

నేను ఒక్క అక్షరం వదలకుండా చెప్పాను. దాని మీద ఎవరూ ఏమీ అడగలేదు. గవ్వలాయన ఫోన్ తీసి, సాక్షినీ జామీనునూ పక్కపక్కన నిలబడమను, ఫొటో తీసుకుంటానన్నాడు. తాతయ్య లేచి, మామయ్యను పక్కకు పిలిచి, పంచె సర్దుకుంటున్నాడు.

అప్పుడు చెప్పేశాను. "సార్, ఈయన మా తాతయ్య. మాది స్టూవర్టుపురం. ఫొటో వద్దు, ఆయన అడిగిన దానికి జవాబు చెప్పండి."

నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు అదమ్మా. తెలిసింది. నేనే చెప్పాను.

తర్వాత జరిగింది ఇంకా రోత. చైర్మన్ గారు పక్కనున్న అధికారితో గుసగుసలాడి, సాక్షికి రక్తసంబంధం ఉన్న మనిషి చేసిన అనువాదం చెల్లదు, ఈ భాగం రికార్డులోంచి తీసేయండి అన్నారు. వెకిలి ప్రశ్న పోయింది, నవ్వులు పోయాయి, తాతయ్య చెప్పుకున్న ఒక్క మాటా పోయింది. రెండో సాక్షిని పిలవనే లేదు. రొయ్యల వేపుడు వాసన రాగానే అందరూ లేచారు. పొద్దున్నంతా కునికిపాట్లు పడ్డవాళ్ళకు అప్పుడు హుషారు వచ్చింది.

వాళ్ళను రైలెక్కించడానికి వెళ్తే, స్టేషన్‌లో తాతయ్య నా మీద విరుచుకుపడ్డాడు. "ఎందుకు చెప్పావే పిచ్చిదానా? నేను మేడమ్ మేడమ్ అంటానే ఉన్నాగా! ఫొటోకి నిలబడితే నా ఒళ్ళేమన్నా అరుగుద్దా?" మామయ్య అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నా నోరు ఆయన సాక్ష్యాన్ని చెరిపేసిందని మాత్రం తాతయ్య అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాను. నా పక్క సీటు ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఎప్పుడూ కుర్చీకి వేలాడుతుండేది. ఆ రోజు నుంచి ఒళ్ళో ఉంటోంది. భోజనానికి వెళ్ళినా ఒళ్ళోనే. పాండురంగారావు గారు బీరువా తాళాలు అడిగి తీసుకుని, "ఏం అనుకోకమ్మా, ఆడిట్ ఉంది" అన్నారు. "ఏ ఆడిట్ సార్?" అన్నాను. "ఉంటుందిలే ఏదో ఒకటి" అన్నారు. నా కాంట్రాక్టు పొడిగించే ఫైలు ఆయన బల్ల మీదే ఉంది, ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నారు. పొడిగిస్తారో లేదో తెలియదు. నేనై నేను మానను. ఏడ్చి సెలవు కూడా పెట్టను. ఆ హ్యాండ్‌బ్యాగు పక్కనే కూర్చుని పని చేస్తున్నాను.

తాతయ్య మాటను మాత్రం అలా వదిలేయలేదు. తెనాలిలో నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు గుర్తున్నారా? మనకు ఏ చుట్టరికమూ లేని మనిషి. తాతయ్యను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. తాతయ్య చెప్పాడు, మాస్టారు రాశారు, నేను వరండాలో నోరు మూసుకుని కూర్చున్నాను. దాన్ని కమిటీకి రిజిస్టర్ పోస్టులో పంపాం. చదువుతారన్న ఆశ నాకు లేదు. తీసేయడానికి మాత్రం ఈసారి వేరే సాకు వెతుక్కోవాలి.

నేను తప్పు చేశానంటే అను. నువ్వు ఆ ఎండల్లో ఎవరెవరి ఇళ్ళలోనో గచ్చులు తుడిచి నన్ను చదివించావు. ఆ చదువుతో వచ్చిన ఉద్యోగాన్ని ఒక్క వాక్యంతో బల్ల మీద పెట్టేశాను. కానీ తాతయ్య నన్ను మేడమ్ అనడం ఇంకోసారి వినలేను.

*

ఈ కింది భాగం రేపల్లెలో రాస్తున్నాను, లక్ష్మీదుర్గ పిన్ని ఇంట్లో. కవరు అంటించకుండా తెచ్చాను. నాకు తెనాలి అనమని నేర్పినట్టే, ఆమెతో మనది చీరాల అని చెప్పావు కదా. ఇది ఆమె చదివితే అక్కడ నీ సంగతీ బయటపడుతుంది. నా గుట్టు నేను విప్పుకున్నాను సరే, నీది విప్పే హక్కు నాకెక్కడిది? ఇవ్వాలా వద్దా అని గుమ్మంలో నిలబడ్డాను.

"ఏంటే, ఇంత లావుగా ఉంది? ఉత్తరమా, రామకోటా?" అంది పిన్ని.

"మా ఊరి సంగతులు పిన్నీ."

"ఏం, స్టూవర్టుపురంలో ఏమైందే?"

నేను ఊరి పేరు చెప్పనే లేదు. ఆమె కందిపొడి మూటలు సూట్‌కేసులో కుక్కుతూనే ఉంది. "మీ అమ్మ కాయితాలు చదివిపెట్టింది నేనేగా! వచ్చిన కొత్తల్లోనే చూశా. అక్క చీరాలంది, నేను సరేనన్నా. అప్పట్నించీ నా గొలుసు ఆమె పెట్టెలోనే ఉంటది. ఈసారి వచ్చేటప్పుడు కూడా అక్కడే పెట్టొచ్చా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఆమె దాచుకున్నదాన్ని నేను బయటికి లాగితే ఏం మర్యాదే? ఇదంతా అందులో రాయకు. నాకు తెలుసని తెలిస్తే అక్క సిగ్గుపడి చస్తది."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. నేను రాసేశాను.

లక్ష్మీదుర్గ పిన్నీ, ఈ ముక్క దాటెయ్యకు. అమ్మకు వినపడేలా, గట్టిగా చదువు.

ఇట్లు,
నీ అమ్మాయి
సునీల