ఒక గౌను ఎక్కువైంది

అన్నయ్యకు చెల్లెలు నమస్కరించి రాసేది. నేను బాగానే ఉన్నాను, నన్ను తీసుకెళ్లడానికి బయలుదేరకు.

మిల్లు మూతపడి సగం ఇళ్లకు తాళాలు పడ్డాక బడి కూడా ఎత్తేస్తారనుకున్నాం. ఇప్పుడు కోళ్లఫారంలో పనికి ఎక్కడెక్కడి వాళ్లో పిల్లాజెల్లాతో దిగారు. బడి నిలబడింది. పిల్లల బట్టలు కుట్టే పని పంతులమ్మ నాకే ఇప్పించింది, ఆమె కడుపు చల్లగుండ. తీరా ఇచ్చేటప్పుడు చూస్తే ఒక గౌను ఎక్కువైంది. చెయ్యి అలవాటున పోయిన మన పాప కొలతకి కత్తిరించేశాను అన్నయ్యా. అక్కడే ఏడ్చేశాను. పంతులమ్మ నా వీపు నిమిరి, "ఉండనీవే, ఎవరో ఒకరు రాకపోరు" అంది.

వారం తిరక్కుండానే ఫారంలో కొత్తగా చేరినావిడ కూతుర్ని బడికి తెచ్చింది. ఆ గౌను అతికినట్టు సరిపోయింది. "కొలత తీయకుండానే కుట్టిపెట్టావే అక్కా, కలగన్నావా ఏంటి?" అంది. ఎన్నాళ్లకో నాకూ నవ్వొచ్చింది.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వంటింటి కప్పు బాగు చేయించావా? నా కంట పడకూడదని పాప పెట్టె నీ దగ్గర దాచమన్నాను కదా, అందులో ఎర్ర రిబ్బన్లు ఉంటాయి, పంపించు. ఆ పిల్ల జడలకి పురికొస కట్టుకొస్తోంది.

నీ పిల్లలు నూరేళ్లు చల్లగా ఉండాలి. ఈ పిల్ల కూడా.