వెయ్యి మార్కుల బడి

1941 జనవరి 6, మహబూబ్‌నగర్

నేటి నుంచి నేను అమెరికా పద్ధతి తెలిసిన మనిషిని. పొద్దున పదకొండు దాకా తెలియని మనిషినే. మా ఇన్‌స్పెక్టర్ సాబ్ ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం నా బల్ల మీద పడేసి, బడి మంచిదా చెడ్డదా అన్నది ఎవరి అభిప్రాయమో కాదు, కొలత అన్నరు. అమెరికాలో ఏండ్ల తరబడి పరిశోధన చేసి తేల్చిన్రట. ప్రతి బడికి వెయ్యి మార్కులు. కట్టడానికి మూడు వందలు, హాజరుకు మూడు వందలు, పరీక్షకు నాలుగు వందలు. మొత్తం నాలుగు వందలు దాటని బడిని మూసెయ్యాలె. పిల్లలు పక్క ఊరి మంచి బడికి పోతరు.

ఎట్ల పోతరో పుస్తకంలో లేదు. నేనూ అడగలేదు. బి.ఏ. చదివినా ఈ బడుల తనిఖీ నౌకరీలో నాది ఇంకా ప్రొబేషనే.

జనవరి 9

పరీక్ష ప్రశ్నలు తెలుగు చేస్తున్న. టామ్ మంచులో బండి తోలుకొని తాత ఇంటికి పోతాడు. టామ్‌ను సైదులు చేసిన, మంచును దుమ్ము చేసిన, ఆపిల్ పండ్లను సీతాఫలాలు చేసిన. తాతను మాత్రం ముట్టుకోలేదు. పెద్దమనిషి.

జనవరి 10

శుక్రవారం. నిజాం సర్కారు సెలవు. పండుకున్న.

జనవరి 15, ఎర్రకుంటపల్లి

బస్సు దిగేసరికి రోడ్డు పక్కన ఏడుగురు నిలబడి ఉన్నరు. వస్తున్నట్టు ముందే కబురు పంపాలని పుస్తకం చెప్పింది. ఆఫీసు రివాజు ప్రకారం ఆ కబురు ఊరి పటేలుకు పోయింది. నా ట్రంకు, పరుపు, మడతకుర్చీ, పరీక్ష గడియారం నలుగురి నెత్తికెక్కినయి. మిగిలిన ముగ్గురు ఎందుకో తెలియదు. కురుమయ్య అనే ఆయన ట్రంకు ఎత్తుకున్నడు. ఊరికి మూడు కోసుల నడక. నేను చేతులూపుకుంట వెనక నడిచిన. ఆఫీసరైనంక నా నడక కూడా మారినట్టున్నది.

చావిడిలో బస. కోడికూర. బాగున్నది.

జనవరి 16

బడి మాదిగవాడలో. పంతులు ఇస్రాయేలు, మిషన్‌లో చదువుకున్న మనిషి, ఆరేండ్ల నుంచి ఒక్కడే నడుపుతున్నడు. తాటాకు పాక. మూడు దిక్కుల గోడలు లేవు. వెలుతురుకు ఫుల్ మార్కులు. గాలికి ఫుల్ మార్కులు. నిప్పంటుకుంటే బయటపడే దారులకు ఫుల్ మార్కులు, ఎటైనా ఉరకొచ్చు. మిగతా వాటికన్నింటికీ సున్న పెట్టినా కట్టడానికి 190 వచ్చినయి. అమెరికావాళ్లు చూస్తే తమ గోడలు కూలగొట్టుకుంటరు.

రిజిస్టర్‌లో ముప్పై ఒక్కరు. ఎదురుగ తొమ్మిదిమంది.

పరీక్షలో ఒక ప్రశ్న: ఒక మనిషి ఆరు గంటల్లో చేసే పనిని ముగ్గురు కలిసి చేస్తే ఎప్పుడు అయిపోతది? కురుమయ్య బిడ్డ ఈదమ్మ, పదకొండేండ్లది, పటేలు ఇగ పొమ్మన్నప్పుడు అని రాసింది. జవాబుల పట్టీలో రెండు గంటలు అని ఉన్నది. సున్న వేసిన.

హాజరు 87. పరీక్ష 96. మొత్తం 373.

అదే రోజు, సాయంత్రం

తొమ్మిదిమందే ఏంది అని ఇస్రాయేలును అడిగిన. చెప్పను, బాగుండదు అన్నడు. మళ్ల అడిగితే, మీరొచ్చిన్రు కద సాబ్, గందుకే రాలే అన్నడు. ఆఫీసర్ వస్తున్నడని కబురు రాంగనే పటేలు వాడనంతా వెట్టికి పిలుస్తడట. మొగోళ్లు సామాన్లకు, కట్టెలకు. ఆడోళ్లు చావిడి అలకడానికి, పిండి విసరడానికి. పెద్దపిల్లలు ఇంట్ల చంటిపిల్లల దగ్గర, మిగిలినోళ్లు విస్తరాకులకు. వెట్టి వద్దని సర్కారు హుకుం ఉన్నది కద అన్న. ఉన్నది సాబ్, ఆ హుకుం తెచ్చినాయన సామాన్లు కూడ మావోళ్లే మోసిన్రు అన్నడు. మీ అసుంటోళ్లు రాకుంటే మాది మంచి బడే అని కూడా అన్నడు. నవ్వకుండనే అన్నడు.

బడి మూస్తే పక్క ఊరి బడిలో వాడ పిల్లల్ని లోపల కూసోనియ్యరట. అంతకంటె పెద్ద సంగతి ఈదమ్మది. బర్లు కాయడానికి జీతముంచమని పటేలు రెండుసార్లు అడిగిండట. రెండుసార్లూ కురుమయ్య, బడికి పోతాంది దొరా అని తప్పించుకున్నడు. మూడోసారికి బడి ఉండాలె.

నిన్నటి కోడి ఎవరిదని ఇవాళ అడిగిన. ఈదమ్మ వాళ్లదే.

జనవరి 20

కబురు పెట్టకుండ ఒక్కణ్నే మళ్ల పోయిన. గడియారం నా భుజానే. ఇరవై తొమ్మిదిమంది! రెండుసార్లు లెక్కపెట్టిన. హాజరుకే 280 వస్తయి. బడి గట్టెక్కినట్టే. ఇయ్యాల నీ మూట ఎవరు మోసిన్రు సారూ అని ఈదమ్మ అడిగింది. నేనే అన్న. నౌకరీ ఊడిందా అని జాలిపడ్డది. పిల్లలందరు నవ్విన్రు. ఇస్రాయేలు కూడా.

భుజం నొస్తున్నది.

జనవరి 22

ఇన్‌స్పెక్టర్ సాబ్ ఒప్పుకోలేదు. అన్ని బడులకు ఒక్కటే విజిట్, రెండోది పుస్తకంలో లేదు అన్నరు. మనం పోవుడే పిల్లలు రాకపోవడానికి కారణం అని చెప్పిన. అట్లయితే పోకుండ కొలిచే పద్ధతి నువ్వే కనిపెట్టు, అమెరికాకు పంపుదాం అని నవ్విన్రు. మంచి జోక్. నేను వెయ్యవలసినది. ఏమన్న ఉంటే రిమార్కుల్లో రాసుకొమ్మన్నరు. పదకొండు పంక్తులు రాసిన. రిమార్కులకు మార్కులు లేవు.

జనవరి 23

మొదటి విజిట్ ఫారం ఇంకా నా దగ్గరే ఉన్నది. తొమ్మిదికి ముందు ఒక రెండు పెడితే చాలు. పెన్సిల్ చేతిలనే ఉండె. పొద్దంతా ఉండె. పెట్టలేదు. కాలేజీలో హాజరు పట్టీలు దిద్దినోణ్ని, దోస్తుల సంతకాలు చేసినోణ్ని, ఇంత కాని యాళ్లల నిజాయితీపరుణ్ని ఎన్నడూ కాలేదు. నిజాయితీ అని రాసిన గని, అది భయం.

ఫారం ఉన్నదున్నట్టు పంపిన.

ఫిబ్రవరి 11

కురుమయ్య ఆఫీసుకు వచ్చిండు. నడిచే వచ్చిండు. బడికి నిన్న తాళమేసిన్రట. గోడలు లేని బడికి తాళం ఎక్కడ వేసిన్రని అడగబోయి ఊకున్న. ఆయనకొక కాయితం కావాలె. బడి లేకున్నా గీ పిల్ల బడికి పోతాంది అని రాసియ్యమన్నడు, పటేలుకు చూపెడతడట. అట్లాంటి ఫారం లేదన్న. ఉంటే ఇయ్యి దొరా, లేకుంటే చెయ్యి అన్నడు. తెల్లకాయితం మీద రాసి సంతకం చేసిన. అటు తిప్పి ఇటు తిప్పి మొహర్ ఏదని అడిగిండు. ఆఫీసు ముద్ర సాబ్ బీరువాలో ఉన్నది. కాయితాన్ని రుమాలు మడతలో పెట్టుకొని పోయిండు.

ఫిబ్రవరి 19

ఇస్రాయేలు ఉత్తరం. పటేలు కూడా మొహర్ ఏదని అడిగిండట. సోమవారం నుంచి ఈదమ్మ బర్ల ఎంబడి పోతాంది.

మార్చి 3

తక్కువ మార్కుల బడులు లెక్కలకెల్లి తీసేసినందుకు జిల్లా యావరేజ్ 412 నుంచి 486కు పెరిగింది. ఇన్‌స్పెక్టర్ సాబ్ అందరికీ మిఠాయి పంచిన్రు. నేను రెండు తిన్న.